మా రూతమ్మత్తకు పడిన ఇంగ్లీషు మాట

మొన్న గిద్దలూరులో రైలు గేటు పడినప్పుడు మా ఆటో పక్కనే మేకల లారీ ఒకటి వచ్చి ఆగింది. రాత్రి ఎక్కడో వానకు తడిసి వచ్చినట్టుంది, తడి బొచ్చు వాసన, పెంటికల వాసన, పోతుమేక ఘాటు వాసన, వీటన్నిటి అడుగున నెమరేసిన ఆకు పసరు వాసన కలిసి గుప్పున కొట్టింది. ఆటో నడిపే ఆయన తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం, ఈ వయసులో ఎవరన్నా చూస్తే నవ్వుతారేమో అనే బిడియం కూడా లేకుండా, ఆ పక్కకు ఒరిగి నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఆ వాసనతోపాటు నాకు ఎప్పుడూ ఒక ఇంగ్లీషు మాట కూడా వస్తుంది. కాప్రిషస్. గేటు ఎత్తి లారీ వెళ్ళిపోయేదాకా ఆ మాట నాలుక మీదే ఉండింది.

బడి మొహం చూడని మనిషిని నేను. అట్లాంటిదాన్ని, రొట్టె, పాలు, గొడుగు లాంటి మాటలకు ఇంగ్లీషు ఏమంటారో సరిగా తెలియకముందే ఆ మాట నేర్చుకున్నాను. క్షణానికో బుద్ధి పుట్టే మనిషిని, ఇప్పుడు అవునని రేపు కాదనే మనిషిని, కారణం లేకుండా మారిపోయేవాళ్ళను ఇంగ్లీషువాళ్ళు ఆ మాటతో అంటారు. మా మేనత్తను అన్నారు. అందుకే నేర్చుకోవలసి వచ్చింది.

అప్పుడు మా ఊరు మద్రాసు రాజధానిలోది, కర్నూలు జిల్లా కింద ఉండేది. పెద్దారవీడు దాటి నల్లమల వైపు నడిస్తే, కొండ ఇంకా కొండ కాకముందు, చిన్న చిన్న గుట్టలుగా లేచే చోట మా ఇళ్ళు. రైతుల ఊరు ఒక పక్క, ప్రార్థనకు పోయే మా కుటుంబాల ఇళ్ళు ఒక పక్క, మధ్యలో కంప నాటిన దొడ్లు. మా నాయన అక్కడ ఉపదేశి. ఆదివారం ప్రార్థన చేయించేవాడు, మిగతా ఆరు రోజులు అందరిలాగే కూలికి పోయేవాడు. నన్ను కన్నప్పుడే మా అమ్మ పోయింది. ఇంటిపని నా మీద పడడంతో బోర్డింగు బడికి పంపలేక, తెల్లవారుజామున కూలికి పోయేముందు నాయనే నాకు అక్షరాలు దిద్దించేవాడు. పలకకు కొరత లేదు. మార్కాపురం గనుల్లో రాయి చెక్కేవాళ్ళు మాకు చుట్టాలు, మూల విరిగిన పలకలు, ఓరగా పగిలిన పలకలు మా ఇంట్లో గోడకు ఆనించి ఎప్పుడూ అరడజను ఉండేవి. పగిలిన ముక్కలతోనే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. వాటిని తడిచేసి రాస్తే నీలంగా దిగే గంధాన్ని అరచేతికి పూసుకుని గోరింట పెట్టుకున్నామని ఒకరికొకరు చూపించుకునేవాళ్ళం.

మా నాయన చెల్లెలు రూతమ్మత్త చిన్ననాడే మొగుడు పోయి మా ఇంటికి వచ్చింది. పొడుగు మనిషి, నడిస్తే కాళ్ళకంటే ముందు భుజం కదిలేది, నవ్వితే చేత్తో నోరు కప్పుకునేది. వచ్చిన కొత్తలో ఆమె అన్న ఇంట్లో తింటున్నానని గిన్నెలో రెండో ముద్ద పెట్టుకునేది కాదని నాయన చెప్పేవాడు. మార్కాపురం నుంచి తిరిగే మిషను దొరసానమ్మ ఆ సంగతి చూసి, విధవరాండ్రకు ఇచ్చే మేకల్లో ఆరింటిని అత్తకు ఇప్పించింది. మొదటి ఈతలో పుట్టిన పిల్లల్లో రెండింటిని ఇంకో విధవరాలికి ఇవ్వాలి, మేకలను మంచిగా మేపాలి, దొరసానమ్మ వచ్చినప్పుడు చూపించాలి. అంతే షరతు. ఆ ఆరు మేకలు వచ్చిన నాటి నుంచి అత్త గిన్నెలో రెండో ముద్ద పెట్టుకుంది.

మా ఇల్లు మేకల ఇల్లయింది. బొల్లి అనే ముసలి మేక ముందు నడిచేది, మిగతావన్నీ దాని తోక చూసుకుంటూ పోయేవి. ఆ బొల్లి పాలు తాగే నేను పెరిగాను. చలికాలంలో మేక ఈనితే అత్త జున్ను కాచి, బెల్లం, మిరియం కొట్టివేసి, ఆకులో పెట్టి ముందు నాకు ఇచ్చేది. దాని మీద తేలే నూనె పొర, నాలుకకు తగిలే చిన్న చిన్న గరుకు, ఇప్పటికీ నాకు డిసెంబరు అంటే అదే. పండగ ముందు వారం ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేవాళ్ళకు మా ఇంట్లో పెట్టేది సజ్జ రొట్టె, మేకపాల టీ. టీ అంటే కొత్త సరుకు అప్పుడు, కుంపటి మీద ఎంతసేపు మరిగించాలో ఎవరికీ తెలియక నల్లగా మరిగించేవాళ్ళం. రేగుపండ్ల కాలంలో అత్త కొంగులో పండ్లు, సాయంత్రాలు గింజలు పగలగొట్టి లోపలి పప్పు తినే చప్పుడు. దేవుడు మాకు తక్కువ ఇచ్చినాడని ఆ ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి, అది తెలియకపోతే తక్కిందేదీ అర్థం కాదు. మా గుట్టల్లో చిరుతపులి తిరిగేది. దాని పేరు ఎత్తేవాళ్ళు కాదు, 'అది' అనేవాళ్ళు, అంతే. మేకలు కాసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. పొద్దు వాలినాక రేపటి మేత చోటును నోటితో అనకూడదు. అంటే అది వింటుంది, మనకంటే ముందుగా పోయి ఆ చోటే కూర్చుంటుంది. ఎవరైనా అడిగితే ఊరుకోవడం మర్యాద కాదు కాబట్టి, ఏదో వేరే చోటు పేరు చెప్పాలి. ఎర్రగుట్టకు పోతున్నానంటే ఎర్రగుట్టకు మాత్రం పోవడం లేదని అడిగినవాళ్ళకూ తెలుసు. బాగున్నారా అంటే బాగున్నాం అన్నట్టు, అది అట్లా జరిగిపోయే మాట. రైతుల ఊరిలోనూ అంతే, మా ఇళ్ళలోనూ అంతే. కాకపోతే మా వాళ్ళు బాప్తిస్మం తీసుకున్న రోజున తాయెత్తులు, శకునాలు, ఇట్లాంటివన్నీ వదిలేస్తామని మాట ఇచ్చినవాళ్ళు. వదిలేయమని ప్రతి ఏడూ చెప్పేది మా నాయనే. కాబట్టి ఈ ఒక్కటి వదలలేదని ఎవరూ బయటికి అనుకునేవాళ్ళు కాదు.

దొరసానమ్మకు మాత్రం తెలియదు. ఆమె సన్నగా, ఎండకు కందిన మొహంతో, పుస్తకంలో ఉన్న తెలుగు మాట్లాడేది. చలికాలంలో ఎద్దుబండిలో వచ్చి మా ప్రార్థన ఇంటి వెనుక గుడారం వేసుకుని మూడు నాలుగు రోజులు ఉండేది. నా కళ్ళు పుసులు కడితే తన చేత్తో మందుచుక్కలు వేసి, ఏడవకుండా ఉండడానికి గొడుగు పట్టుకోనిచ్చేది. మనుషులందరూ పనుల నుంచి తిరిగి వచ్చేది సాయంత్రమే గనుక, ఆమె అన్ని సంగతులూ సాయంత్రం ప్రార్థన అయినాకే అడిగేది. "రూతమ్మా, రేపు నీవు మేకలను ఎక్కడ మేపెదవు? నేను వచ్చి చూచెదను," అని అత్తనూ అప్పుడే అడిగేది. అత్త చేతులు కట్టుకుని, "ఎర్రగుట్ట కాడమ్మా," అనేది. మరుసటి రోజు దొరసానమ్మ గొడుగేసుకుని ఎర్రగుట్టకు పోయేది. అక్కడ ఎవరూ ఉండరు. ఒకసారి అట్లా, ఇంకోసారి సుద్దబావి దగ్గర, మూడోసారి ఒక బీడులో మిట్టమధ్యాహ్నం దాకా నిలబడి, ఎవరిదో తెగిన చెప్పు ఒకటి చూసి వెనక్కు వచ్చింది. సాయంత్రం అత్త మేకలతో ఇంకో దిక్కు నుంచి దిగుతుంటే దొరసానమ్మ మొహం ఎర్రగా ఉండింది.

మా వరస ఇళ్ళలోనే మార్తమ్మ అని ఇంకో విధవరాలు ఉండేది. ఇల్లు అద్దంలా పెట్టేది, ప్రార్థనకు అందరికంటే ముందు వచ్చి చాప పరిచేది, నాలుక మాత్రం కాస్త పదును. "వదినా, నువ్వు దొరసానమ్మను గుట్టలన్నీ తిప్పినావు, కాళ్ళకు మందు కూడా నువ్వే పుయ్యి," అని అత్తను ఎగతాళి చేసేది. "నాకిచ్చి ఉంటే గంట కొట్టినట్టు చెప్పిన చోటనే ఉందును."

"నువ్వు ఉంటావులే మార్తమ్మా," అనేది అత్త, "మేకలుండొద్దా?"

ఆ ఏడు చలి తగ్గే రోజుల్లో మార్కాపురం నుంచి నాయనకు ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. నాయనకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేంత వచ్చు. అట్టలు ఊడిన నిఘంటువు ఒకటి ఎవరో పెద్ద దొర ఇచ్చిపోయింది మా ఇంట్లో ఉండేది, చెదలు పట్టకుండా దాన్ని ఉప్పు కుండ పక్కన పెట్టేవాళ్ళం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాకిట్లో చదివినాడు. రూతమ్మ దయగల స్త్రీయే, కష్టపడే స్త్రీయే, కానీ, అని ఉండి, తర్వాత ఆ మాట. నాయన వేలితో నిఘంటువులో వరసలు దిగుతూ పోయి ఆగినాడు. చంచలమైన, ఊరికే మనసు మార్చుకునే, అని ఉంది. కింద ఇంకా సన్నటి అచ్చులో, ఇది ఇటలీ దేశం మాట నుంచి వచ్చిందనీ, ఆ దేశంలో మేకను కాప్రా అంటారనీ, మేక ఉన్నట్టుండి ఎటుబడితే అటు గెంతుతుంది కాబట్టి ఆ అర్థం వచ్చిందనీ ఉంది.

అత్త మేకల కాళ్ళ ముళ్ళు తీస్తూ వింటోంది. "ఏందన్నా, నన్ను మేక అన్నారా?"

"మేక బుద్ధి అన్నారు మేయ్."

"మేక బుద్ధంటే మంచిదే గదా," అని అత్త నోరు కప్పుకుని నవ్వింది. "ఉన్నట్టుండి గెంతుతాదని ఎవరు చెప్పినారంట? మేక ఊరికే అడుగు మార్చదు. ముందర పాము ఉంటాది, లేకుంటే విషపాకు ఉంటాది, గాలి మారింటాది. మనకు కానరాదు, అంతే. ఆ మాట పెట్టినోళ్ళు మేకలు కాసినోళ్ళు కాదులే."

నాయన నవ్వలేదు. ఉత్తరంలో ఇంకో రెండు వరసలు ఉన్నాయి. ఈసారి వచ్చినప్పుడు మేకలను మార్తమ్మకు అప్పగించడం మేలని తోస్తున్నది, అని. నాయన చదివి చెప్పినాక అత్త చాలాసేపు బొల్లి కాలు వదలలేదు. ముల్లు వచ్చేసినా ఇంకా అక్కడే వేలితో తడుముతూ ఉండింది.

ఆ తర్వాత నాలుగు పొద్దులు నాకు పాఠం లేదు. నాయన నా పలక తీసుకుని దాని మీద దొరసానమ్మకు జవాబు రాసేవాడు, తుడిచేవాడు. సంగతి ఇది అని రాస్తే, చెల్లెలు ఇంకా పాత కట్టుబాటులోనే ఉందని తన చేత్తో తానే రాసినట్టు, దాన్ని చూస్తూ ఊరుకున్న ఉపదేశి తానని ఒప్పుకున్నట్టు. రాయకపోతే మేకలు పోతాయి. అబద్ధం రాయడం నాయనకు చేతకాదు.

"అత్తను పొద్దున అడగమని రాయి నాయనా, పొద్దున అడిగితే నిజమే చెప్తాది గదా," అన్నాను నేను.

"ఎందుకని అడుగుతాది తల్లీ ఆమె. అప్పుడేం చెప్పాల?"

అత్తనే అడిగితే ఆమె ఒకటే అన్నది. "అన్నా, నన్ను మేకబుద్ధి అనుకోనీ. దేవుణ్ణి ఇడిచిన మనిషి అనుకుంటే నేను ఆ తల్లి మొహం చూడలేను." ఉత్తరం రాయకుండానే దొరసానమ్మ వచ్చే రోజు వచ్చేసింది.

ఆ సాయంత్రం ప్రార్థన అయినాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. మార్తమ్మ కొత్త పగ్గం ఒకటి నడుముకు చుట్టుకుని వచ్చింది, మేకలు తోలుకుపోవడానికి. దొరసానమ్మ చాప మీద కూర్చుని ఉత్తరం మాటే ఎత్తింది. అయితే మనిషి మంచిది, ఊరికే తీర్పు చెప్పి లేవలేకపోయింది. "రూతమ్మా, ఇంకొక్క అవకాశము ఇచ్చెదను. రేపు ఉదయము ఎనిమిది గంటలకు నీవు ఉండు చోటు ఒక్కటి చెప్పుము. నేను అక్కడికి వచ్చెదను. నీవు అక్కడ ఉన్నయెడల మేకలు నీయొద్దనే ఉండును."

పొద్దు గుట్ట మీద ఒక వేలెడు ఉండి, మా కళ్ళ ముందే దిగిపోతోంది. అత్త నాయన వైపు చూసింది. నాయన నేల చూసినాడు. ఎప్పటిలా ఎర్రగుట్ట అంటే, ఈసారి ఎర్రగుట్టకే మేకలు తోలాలి, అప్పుడు ఆ గుట్టే నోటితో అన్న చోటవుతుంది. వేరే ఏ పేరు చెప్పినా అంతే. ఏది చెప్తే అక్కడికి పోవాలి, ఏది చెప్తే దాన్ని అది వింటుంది.

"కుందేళ్ళ వాగులో," అన్నది అత్త, "మద్దిచెట్టు కాడ ఉంటానమ్మా."

రేగుపండ్లు రాలేది అక్కడే, ఆ రోజుల్లో మేక మేతకు ఆ చోటును మించింది లేదు, ఆమె నిజమే చెప్పిందని అందరికీ తెలిసింది. ఆడవాళ్ళు ఒక్కసారిగా గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. అందరికంటే ముందు మార్తమ్మే, "అయ్యో వదినా, పొద్దుగూకతాంటే!" అనేసి, దొరసానమ్మ తన వైపు తిరగగానే, "చలి పెరిగిందంటున్నానమ్మా," అన్నది.

పొద్దున్నే అత్త నన్ను వెంట తీసుకుపోయింది. ఎందుకో అడగలేదు. గడ్డి మీద మంచు ఇంకా ఉండగా మేకలు తల వంచవు, అవి నడుస్తుంటే నోళ్ళలోంచి పొగలు, తంగేడు చెట్ల మధ్య నుంచి ఎండ అక్కడక్కడ మడత విప్పిన గుడ్డలా. అత్త దారి పొడుగునా మాట్లాడలేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందని తెలుసు. వాగులోకి దిగే మలుపు దగ్గర గాలి కింద నుంచి పైకి వీచింది. బొల్లి ఆగిపోయింది.

అది ఆగడం నేను చాలాసార్లు చూశాను, ఇట్లా ఆగడం చూడలేదు. మెడ నుంచి తోక దాకా వెన్ను మీది వెంట్రుకలు బిరుసుగా లేచి నిలబడ్డాయి. ముక్కుతో ఒకసారి చీదింది, ముందు కాలితో నేలను కొట్టింది. వెనక వస్తున్న మేకలన్నీ ఒకదాని పొట్టకు ఒకటి ఆనుకుని ముద్దగా అయిపోయినాయి. వాగు అడుగున మద్దిచెట్టు కనపడుతోంది, నూరు అడుగులు కూడా ఉండదు. కట్టెతో నాలుగు అదిలిస్తే దిగేవి. పిల్లదాన్నయినా నాకు ఆ సంగతి తెలుసు, అత్తకు తెలియదా. కట్టె పైకి ఎత్తింది, బొల్లి వీపు చూసింది, ఆ కట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తిప్పుకో పాపా. గుట్ట మిందుగా ఊరి పక్కకు తోలు. ఎనక్కి చూడాకు."

"మేకలు లేకుంటే ఎట్లత్తా? మార్తమ్మకు ఇచ్చేస్తారు గదా."

"ఇస్తే ఇస్తారు. బతికుంటాయి గదా."

"నువ్వు?"

"నేను వస్తానని చెప్పినా," అని ఆమె ఒట్టి చేతులతో వాగులోకి దిగిపోయింది.

నేను వెనక్కి చూశాను. గుట్ట ఎక్కినాక మేకలను ముందు పెట్టి రాయి మీద నిలబడి చూశాను. కంపల నడుమ తెల్లచీర ఒకటి మద్దిచెట్టు దగ్గరకు పోయి ఆగింది. కూర్చోలేదు, చెట్టుకు ఆనుకోలేదు, నాలుగు దిక్కులకు మెల్లగా తిరుగుతూ నిలబడి ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత అవతలి ఒడ్డున నల్ల గొడుగు, దాని పక్కన నాయన తలగుడ్డ కనపడ్డాయి. అప్పుడు నేను ఏడ్చాను.

అక్కడ ఏం జరిగిందో నాయన చెప్పగా విన్నదే. దొరసానమ్మ దిగి వచ్చి, "మేకలు ఎక్కడ ఉన్నవి రూతమ్మా?" అన్నదట.

"మేకలు రామన్నాయమ్మా. నేను వచ్చినా."

దొరసానమ్మ నిట్టూర్చి తల తిప్పేసరికి నాయన ఇసుకలోకి చూస్తున్నాడట. తడి ఇసుకలో, అత్త నిలబడిన చోటికి నాలుగు అడుగుల దూరంలో, అరచేయంత జాడలు. ఇంకా వాటిలోకి నీళ్ళు ఊరుతూనే ఉన్నాయట. దొరసానమ్మ గొడుగు మూసేసింది.

"నీవు తెలిసియే వచ్చితివా?"

"తెలిసే వచ్చినానమ్మా."

"ఎందుకు?"

"ఉంటానని నేను చెప్పినా గదమ్మా. మేకలు చెప్పలేదు గదా."

ఒడ్డు మీద ఆపిన దొరసానమ్మ బండిలోనే అత్త తిరిగి రావడం ఊరంతా చూసింది. దారిలో నాయన ఇక దాచుకోలేక, సాయంత్రం పూట చోటు చెప్పకూడదనే కట్టుబాటు సంగతి మొత్తం చెప్పేసినాడట. దొరసానమ్మ "నీవును నమ్ముచున్నావా?" అని అడిగిందట. "నమ్మనమ్మా," అన్నాడట నాయన, "కాకపోతే పొద్దుగూకినాక నేనూ చెప్పను." ఆమె గట్టిగా నవ్వడం నాయన ఆ రోజే మొదటిసారి విన్నాడట. మేకలు అత్త దగ్గరే ఉన్నాయి. మార్తమ్మ పగ్గం విప్పుకుంటూ, "పగ్గం నాది, నేను తీసుకపోతున్నా, మళ్ళా అది కూడా నీదే అంటారేమో," అని అందరినీ నవ్వించింది. ఆ తర్వాతి ఈతకు పుట్టిన పిల్లల్లో రెండింటిని అత్త ఎవరూ చెప్పకుండానే తోలుకుపోయి ఆ పగ్గానికే కట్టి వచ్చింది.

దొరసానమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు వచ్చింది. అత్తను మళ్ళీ ఎక్కడ అని అడగలేదు. సాయంత్రం మేకలు దిగేదాకా మా వాకిట్లో పలక మీద నాకు ఇంగ్లీషు మాటలు రాసి పెడుతూ కూర్చునేది. ఈ వేలితో ఈ నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే అందులో నాయన చలువ సగం, ఆమె చలువ సగం. ఇద్దరికీ రుణపడి ఉన్నాను.

పెళ్ళయి కర్నూలులో కాపురం ఉన్నప్పుడు, పక్కింటి లాయరు గారి బీరువాలో చాలా పెద్ద నిఘంటువు ఒకటి చూశాను. అడిగి తీసుకుని ఆ మాటే వెతికాను. మా ఉప్పు కుండ పక్కది చెప్పింది సగమేనట. ఆ ఇటలీ మాట మొదట మేకది కాదట. తల అనే మాట, ముళ్ళపంది లాంటి చిన్న జంతువు పేరు, ఈ రెండూ కలిసి పుట్టిందట, తల వెంట్రుకలు ఆ ముళ్ళలా నిక్కబొడుచుకోవడం అని అర్థం. ఒంటి మీద వెంట్రుక లేచే భయానికి ఆ పేరు. గెంతే మేక తర్వాతెప్పుడో వచ్చి అందులో చేరిందట, అప్పటికి భయం సంగతి అందరూ మరిచిపోయి, ఊరికే మారే బుద్ధి అనే అర్థం మాత్రం మిగిలిందట. ఆ వాగు మలుపున బొల్లి వెన్ను నా కళ్ళ ముందుంది.

ఇంకొక్క మాట ఉంది. మా పెద్దబ్బాయిని ఎత్తుకుని పుట్టింటికి పోయినప్పుడు, అప్పటికి నాయన లేడు, దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోయి అక్కడే కన్నుమూసిందని కబురు వచ్చింది. అత్తకు చూపు మందగించింది, మేకలు మూడు మిగిలినాయి. వాకిట్లో కూర్చుని రేగుపండ్ల వడియాలకు పండ్లు ఏరుతున్నాం. ఆ పండ్ల వాసనకు ఆ పొద్దు గుర్తొచ్చి, "అత్తా, ఆ రోజు ఒక్కదానివే వాగులోకి పోయినావే, మాటకోసం అంత భయం ఎట్లా ఓర్చుకున్నావు?" అని అడిగాను.

"మాటా?" అన్నది అత్త, చేతిలో పండు పక్కన పెట్టి. "మాటదేముంది పాపా, తప్పినాననుకుంటే క్షమాపణ అడుగుదును. దాన్ని ఆడికి పిలిచింది నేను గదా. పొద్దుగూకతాంటే చోటు పేరు నోటితో అంటి. అది వచ్చి కూసున్యాది. ఆ తల్లీ, మీ నాయనా ఏమీ తెలకుండా నడుచుకుంటా దాని మిందికే వస్తాన్నారు. నేను ముందు పోయి ఆడ ఉండకుంటే ఎట్ల?"

ఆమె మళ్ళీ పండ్లు ఏరుకుంటూ, "తొందరగా కానీ, ఎండ పోతాది," అన్నది.

అత్త పోయి కూడా ఇప్పటికి చాలా కాలమైంది. గుట్టల చుట్టూ కంచె పడింది, మేకలను పైకి రానివ్వరు, ఇసుక తోడుకుపోగా కుందేళ్ళ వాగు రాళ్ళు తేలి ఉంది, మద్దిచెట్టు ఎక్కడ ఉండేదో చూపించే మనిషి కూడా ఊరిలో లేడు. ఆదివారం కృతజ్ఞతా ప్రార్థనలో తలవంచుకున్నప్పుడు ముందు ఆమె పేరే తలుచుకుంటాను. ఇచ్చిన మాటకోసం అక్కడ నిలబడిందని నాయన తన ప్రసంగాల్లో చెప్పుకున్నాడు, దొరసానమ్మ తన దేశం వాళ్ళకు ఉత్తరాల్లో రాసుకుంది. తమ కోసమే నిలబడిందని ఆ ఇద్దరికీ చివరిదాకా తెలియదు.